హెప్సిబక్క పెట్టని సంతకం

కాగితం ఇంగ్లిషులో ఉంది. రమాకాంత్ సార్ దాన్ని బల్ల మీద పరిచి, పైన పెన్ను పెట్టి, పెన్ను దొర్లిపోకుండా టేపు చుట్టను అడ్డం పెట్టాడు. దుకాణం ఓనరై ఆరేళ్లయినా ఏ కాంటా రిపేరులోనూ ఆయన ఇంత జాగ్రత్త పడగా నేను చూడలేదు.

"చదువు తమ్మీ," అంది హెప్సిబక్క నాతో. కాగితాన్ని ముట్టుకోలేదు.

చదివి తెలుగులో చెప్పాను. నా అజాగ్రత్త వల్ల ఫలానా నంబరు కాంటా సరిగ్గా పరీక్ష కాకుండా బయటికి పోయింది, ఈ ఒక్క కాంటా విషయంలో తప్పు పూర్తిగా నాదే, దుకాణానికి సంబంధం లేదు. అడుగున కె. హెప్సిబా అని ముందే టైపు చేసి ఉంది.

"సంబంధం లేదా? మరి నేను దాన్ని మా ఇంట్ల రిపేరు చేసిన్నా సార్?"

"ఫార్మాలిటీ అక్కా. సేఠ్ అడిగిండు. నువ్వు సంతకం పెడితే ఆయన సల్లవడ్తడు, నీ కుర్చీ నీకుంటది. ఫికర్ జేయకు."

"పెట్టకపోతే?"

సార్ నవ్వాడు. "ఎందుకు పెట్టవ్? పెడ్తవ్."

"రేపు సాయంత్రం దాకా టైం ఇయ్యండి. ఆ కాంటా ఎందుకు తప్పు జెప్పిందో జూసి, అప్పుడు మాట్లాడ్త."

పెన్ను తీసి సార్ జేబులో పెట్టి వెళ్లిపోయింది. ఆయన పెన్ను ఆయనకిచ్చేసిన పద్ధతి చూస్తే ఏదో పారేస్తున్నట్టుంది.

అంతకు ముందు రోజు ఎనుమాముల మార్కెట్లో గొడవ జరిగింది. మరిపెడ దగ్గరి పల్లె నుంచి మొండయ్య అనే రైతు మిర్చి తెచ్చాడు. మిర్చి కొనే ఒక సేఠు కాంటా మీద బస్తాలు తూచారు. మొండయ్యకు అనుమానమొచ్చి అదే బస్తాను పక్క కాంటా మీద వేయిస్తే కిలోన్నర తేడా వచ్చింది. సేఠు కాంటా తక్కువ చూపించింది. యాభై మంది రైతులు చుట్టూ మూగారు. సేఠు చేతులెత్తి, "నాకేం దెల్సు, మొన్ననే రిపేరై వచ్చింది," అని మా దుకాణం స్టిక్కర్ చూపించాడు. స్టిక్కర్ మీద పరీక్షించినవారి పొట్టి సంతకం ఉంటుంది. అది హెప్సిబక్కది.

మా దుకాణం పోచమ్మ మైదాన్ వైపు. ఎలక్ట్రానిక్ కాంటాలు బాగుచేస్తాం: మిర్చి యార్డువి, కిరాణా కొట్లవి, చికెన్ సెంటర్లవి. నేను కౌంటర్ దగ్గర జాబ్ కార్డులు రాస్తాను. లోపల రెండు కుర్చీలు. ఒకటి భరత్‌ది. అతనికి డిప్లొమా ఉంది. రెండోది హెప్సిబక్కది. ఆమెకు పదో తరగతి దాకా చదువు, ఇరవై ఆరేళ్ల పని ఉన్నాయి. ఈ ఊళ్లో మొదటిదాన్ని ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తారు. రెండోదాన్ని ఎక్కడ తగిలించాలో ఎవరికీ తెలియదు.

ఆమెది కాజీపేట. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాల పక్కనే పుట్టినందుకో ఏమో, రైలంత గొంతు. పద్దెనిమిదేళ్లప్పుడు హైదరాబాద్ కుషాయిగూడలో టీవీలు బిగించే కంపెనీలో చేరింది. అక్కడ ఎనిమిదేళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా సోల్డరింగ్. కంపెనీ మూతపడిన రోజు లైన్ ఇంచార్జి ఆమెకు తన పాత సూది మీటరు ఇచ్చాడట. గడియారం ముల్లులాంటి సూదితో వోల్టులు చూపించే నల్లటి డబ్బా. "నువ్వు ఒక్కదానివే దీన్ని కింద పడేయలేదు," అన్నాడట. ఆమె జీవితంలో అందుకున్న సర్టిఫికెట్ అదొక్కటే. రోజూ సంచిలో వేసుకుని తెస్తుంది. భరత్ దాన్ని చూసినప్పుడల్లా, "మేడం, మ్యూజియంల అడుగుతాండ్రు," అంటాడు.

ఊరికి తిరిగొచ్చి, పెయింటర్ స్టీఫెన్‌ను పెళ్లి చేసుకుని, మా దుకాణంలో చేరింది. వచ్చిన ప్రతివాడూ లోపలికి తొంగి చూసి, ఆమె చేతిలో సోల్డరింగ్ ఐరన్ పొగలు కక్కుతూ కనిపిస్తున్నా, "అమ్మా, సార్ లేడా?" అంటాడు.

"సార్ బయటికి పోయిండు. కాంటా నన్ను రమ్మంది. ఇటియ్యి."

కొందరు ఇచ్చేవారు కాదు. భరత్ టీ తాగి వచ్చేదాకా కాంటాను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. భరత్ వచ్చి, దాన్ని తీసి, ఆమె బల్ల మీదే పెట్టేవాడు. ఇది భరత్ చేరినప్పటి నుంచి పద్నాలుగేళ్లుగా నడుస్తున్న నాటకం.

మర్నాడు శనివారం. మార్కెట్‌కు సెలవు, మా దుకాణానికి లేదు. పొద్దున తొమ్మిదికే హెప్సిబక్క సేఠు తిప్పి పంపిన కాంటాను బల్ల మీద పెట్టింది.

కాంటా లోపల ఆరు వోల్టుల బ్యాటరీ ఉంటుంది. వాడుతుంటే దిగుతుంది. మరీ దిగితే బరువు తప్పు చూపిస్తుంది. అందుకే ఐదు పాయింట్ ఆరు దగ్గరకు రాగానే తెర మీద చిన్న బ్యాటరీ బొమ్మ వెలగాలి, ఇక తూకం ఆపి ఛార్జింగ్ పెట్టమని. ఆ బొమ్మ ఎక్కడ వెలగాలో లోపల ఒక చిన్న స్క్రూ తిప్పి పెడతాం. అందుకు బ్యాటరీ తీసేసి, బల్ల మీది డీసీ సప్లై నుంచి కరెంటు ఇస్తాం. ఆ సప్లై పెద్ద ఇనుప డబ్బా. ముందు ఒక నాబ్, ఎర్ర అంకెల తెర. నాబ్ తిప్పితే ఎన్ని వోల్టులు కావాలంటే అన్ని ఇస్తుంది, ఎన్ని ఇస్తోందో తెర మీద చూపిస్తుంది.

ఆమె కాంటా మీద ఇరవై కిలోల రాయి పెట్టి, సప్లైని మెల్లగా దించుకుంటూ వచ్చింది. ఆరున్నర దగ్గర ఇరవై. ఆరు పాయింట్ రెండు దగ్గర ఇరవై. ఐదు పాయింట్ తొమ్మిది దగ్గర పంతొమ్మిది కిలోల మూడు వందలు. బొమ్మ వెలగలేదు. ఐదు పాయింట్ ఆరుకు దించితే అప్పుడు వెలిగింది.

"బొమ్మ ఎలగకముందే బరువు తప్పుతాంది," అంది.

"బోర్డు పోయింది," అన్నాడు భరత్ ఫోన్ లోంచి తల ఎత్తకుండా. "గా రోజు నువ్వు సూస్కోలె."

ఆమె అల్మారా లోంచి అదే కంపెనీ కాంటా, పెట్టె విప్పనిది, కొత్తది తీసింది. దానికీ రాయి పెట్టి సప్లై దించింది. అది కూడా ఐదు పాయింట్ తొమ్మిది దగ్గర బరువు తప్పింది. అయితే దాని బొమ్మ ఆరు పాయింట్ రెండు దగ్గరే వెలిగింది. కంపెనీ వాళ్లు ఐదు పాయింట్ ఆరుకు పెట్టి పంపుతారు.

"దీని బోర్డు గూడ పోయిందా భరత్? డబ్బాల పండుకున్నకాడ్నే సచ్చిందా?"

భరత్ ఫోన్ పక్కన పెట్టాడు.

"కాంటాలల్ల లేదు. ఇగో, దీంట్ల ఉంది," అని ఆమె సప్లై నెత్తిన ఒక్కటి చరిచింది.

అక్కడి నుంచి ఆమె పని చూడాలి. ముందు వైర్లు మార్చింది. మొసలి మూతి క్లిప్పులను గరుకు కాగితంతో రుద్దింది. వైర్లు బిగించే స్క్రూలను తిప్పి చూసింది. వదులు లేదు. ఒక కారు బల్బు తగిలించి, కరెంటు ఎక్కువ లాగితే వోల్టులు కుంగుతాయేమో చూసింది. కుంగలేదు. ప్లగ్ పీకి, లోపల నిలిచిన కరెంటు చచ్చేదాకా ఆగి, మూత విప్పింది. ఉబ్బిన కెపాసిటర్ కోసం చూసింది, కాలిన వాసన కోసం ముక్కు పెట్టింది. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. తెర వెనకాల బుల్లి స్క్రూ మీద, సెట్ చేశాక కదలకుండా వేసే ఎర్ర లక్క చుక్క.

"ఈ తెర కొత్తది గదా?"

"నేనే మార్చిన," అన్నాడు భరత్. "పాతదాంట్ల అంకెలు పోయినయి. మల్టీమీటర్ తోటి కలిపి ఆ స్క్రూ సెట్ జేసిన. పక్కాగ సెట్ జేసిన. కావాల్నంటే సూస్కో."

మల్టీమీటరు అంటే మేమంతా వాడే పసుపు రంగు డిజిటల్ మీటరు. హెప్సిబక్క మూత బిగించి, సప్లై మళ్లీ వెలిగించి చూసింది. సప్లై తెర మీద ఆరు. మల్టీమీటరు మీద ఆరు. ఎంతకు మార్చినా రెండూ ఒకదాన్నొకటి వదలడం లేదు.

"ఇగ మాట్లాడు," అన్నాడు భరత్ కుర్చీలో వెనక్కి వాలి. "రెండు మీటర్లు ఒకటే జెప్తానయి. ఇంకెవలను అడుగుతవ్? పాస్టర్ గారినా?"

నాకు ఒళ్లు మండింది. నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి చాచింది, నన్ను ఆపడానికి అనుకున్నాను. కాదు. "నీ ఫోన్ చార్జర్ ఇయ్యి తమ్మీ."

ఇచ్చాను. దాని మీద ఐదు వోల్టులని అచ్చు వేసి ఉంది. మల్టీమీటరు ఐదు పాయింట్ ఆరు చూపించింది.

"చీపు చార్జర్," అన్నాడు భరత్.

"నీదియ్యి. మస్తు ఖరీదుది గదా."

అతనిదీ ఐదు పాయింట్ ఆరే. కౌంటర్ మీది కంప్యూటర్‌కు ఫోన్ గుచ్చే రంధ్రం దగ్గర చూసింది. అదీ అంతే.

"మూడిండ్లల్ల ఒక్కడే దొంగ వడ్డడా?" అంది.

సంచిలోంచి సూది మీటరు తీసింది. వోల్టులు చూడటానికి దానికి బ్యాటరీ అక్కర్లేదు. కొలిచే వస్తువు నుంచే కాస్త బలం తీసుకుని సూది లేస్తుంది. నా చార్జర్ మీద పెడితే సూది ఐదును కొద్దిగా దాటి నిలబడింది. సప్లై మీద పెట్టింది. తెర మీద ఐదు పాయింట్ ఆరు. సూది ఐదు దగ్గరే ఆగింది.

అప్పుడు నాకు కూడా అర్థమైంది. సప్లై ఇస్తున్నది తక్కువ, చూపిస్తున్నది ఎక్కువ. మనం ఐదు పాయింట్ ఆరు అనుకుని పెట్టిన బొమ్మ, నిజానికి ఐదుకు దిగితే గానీ వెలగదు. ఆ మధ్యలో కాంటా నోరు మూసుకుని తప్పుడు బరువు చెబుతూనే ఉంటుంది. మల్టీమీటరు అబద్ధం ఆడింది, దాన్ని చూసి భరత్ సప్లై తెరకు కూడా అదే అబద్ధం నేర్పాడు. తర్వాత ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి సాక్ష్యం అడిగితే ఇద్దరూ ఒకే మాట చెప్పకేం చేస్తారు?

"భరత్ సార్ డిప్లొమాకు సన్మానం జేయాలె," అన్నాను.

"నువ్వు జర ఆగు," అంది హెప్సిబక్క. "ముందుగాల ఈ పసుప్పచ్చ మీటర్‌కు ఏం రోగమొచ్చిందో సూడనీ."

మల్టీమీటరు వెనక మూత విప్పింది. లోపల తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ. దాన్ని బయటికి లాగింది. చూసింది. మళ్లీ చూసింది.

బ్యాటరీ పక్కన ఎర్ర నెయిల్ పాలిష్‌తో చిన్న సిలువ గుర్తు ఉంది.

ఆ గుర్తును బొటనవేలితో రుద్ది చూసింది. 

"ఇది మా చర్చిది. గ్రేసమ్మ గారు పెడ్తది ఈ గుర్తు, ఎవలు ఎత్కపోకుంట."

గ్రేసమ్మ వాళ్ల పాస్టర్ భార్య. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల ప్రార్థనలు మొదలైన శుక్రవారం వాళ్ల చర్చిలో వైర్లేని మైకు బ్యాటరీ అయిపోవస్తోందట. మైకుకూ మా మీటరుకూ ఒకటే రకం బ్యాటరీ. హెప్సిబక్క సాయంత్రం పోతూ పోతూ మీటరులోని కొత్త బ్యాటరీ పీకి తీసుకెళ్లింది. మైకులోని పాతది తెచ్చి మర్నాడు మీటరులో వేసింది. సోమవారం కొత్తది కొని వేద్దామనుకుంది. సోమవారం యార్డు నుంచి ఒకేసారి ఆరు కాంటాలు వచ్చి పడ్డాయి, మరిచిపోయింది. మంగళవారం భరత్ సప్లై తెర మార్చాడు. బ్యాటరీ దిగిన డిజిటల్ మీటరు ఎక్కువ చూపిస్తుంది. బ్యాటరీ దిగిందని చెప్పే గుర్తు మీటరు తెర మూలన వస్తుంది. ఆ మూల పోయిన ఏడు పగిలితే ఫెవిక్విక్ వేసి అతికించాం. అక్కడ తెల్లగా పొగ పట్టినట్టయి ఏమీ కనబడదు.

భరత్ ముఖం విప్పారింది. "అరె! అంటే తప్పు నీదేనా అక్కా?" ఇన్నేళ్లలో అతను ఆమెను అంత ప్రేమగా అక్కా అనడం నేను వినలేదు. "గిదానికి పొద్దుగాల్నుంచి అందర్ని సతాయించినవ్. సంతకం వెట్టరాదు మరి!"

నేను ఆమె వైపు చూశాను. బ్యాటరీ సంగతి ముగ్గురికే తెలుసు. దాన్ని సంచిలో వేసుకుని, భరత్ స్క్రూ తప్పుగా తిప్పాడని చెప్పి ఉంటే సార్ నమ్మేవాడు. నేనైతే అదే చేసేవాణ్ని. భరత్ లాంటి వాళ్లు ఎన్ని తప్పులు మన మీద తోశారు? ఒక్కటి వాళ్ల మీదకు తోస్తే ఏం పోయింది?

"రిజిస్టర్ తియ్ తమ్మీ. ఆ మంగళవారం సంది ఇయ్యాలటి దాకా ఎన్ని కాంటాలు పోయినయో సూడు."

లెక్కపెట్టాను. పంతొమ్మిది. ఆమె చేసినవి పన్నెండు, భరత్ చేసినవి ఏడు. పదకొండు ఎనుమాముల మార్కెట్‌వే.

"నంబర్లు రాసియ్యి."

సాయంత్రం రమాకాంత్ సార్ కాగితంతో వచ్చాడు. ఈసారి పెన్ను కూడా మార్చాడు. ఆమె బ్యాటరీని బల్ల మీద పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. చర్చి సంగతి కూడా. దాచలేదు, ఏడవలేదు, చేతులు కట్టుకోలేదు.

"మంచిగైంది," అన్నాడు సార్. "నువ్వే ఒప్పుకున్నవ్. ఇగ పెట్టు."

"తప్పు నాది సార్. ఈ కాయితం అబద్ధం."

"ఏం అబద్ధం?"

"ఒక్క కాంటా అని రాసిండ్రు. పంతొమ్మిది పోయినయి. అన్ని ఎన్కకు పిలిపియ్యుండ్రి. రెండొద్దులల్ల నేను సరిజేస్త. అప్పుడు కావాలంటే రెండు సంతకాలు పెడ్త."

"పాగలయినవా? మిగతాయి ఎవరన్న అడిగిండ్రా? ఎవడు అడగనిదాన్ని మనం పోయి చెప్తమా? దుకాణం మూసుకోమంటవా?"

"అడగనోడు తెల్వక అడుగుత లేడు సార్. ఆడ మిర్చి దిగుతాంది."

"సేఠ్‌లు ఊకోరు."

"ఊకోకుంటే నన్ను దిట్టుమనుండ్రి. మా ఆయన రోజు దిడ్తడు, అలవాటే."

నేను నవ్వాను. సార్ నా వైపు చూశాడు. నేను నవ్వు ఆపలేదు.

హెప్సిబక్క జాబ్ కార్డు ఒకటి తీసుకుని, వెనకాల తెలుగులో రాసింది. మల్టీమీటరులో పాత బ్యాటరీ వేసింది నేను. దానివల్ల డీసీ సప్లై తప్పు వోల్టులు చూపింది. ఈ కింది పంతొమ్మిది కాంటాలు మళ్లీ సరిచేయాలి. నంబర్లన్నీ రాసి, అడుగున పూర్తి పేరు రాసి సంతకం చేసింది. "ఇగో. సంతకం కావాలన్నరు గదా. కౌంటర్ మీద అతికియ్యుండ్రి."

సార్ దాన్ని రెండు ముక్కలు చేశాడు. నాలుగు చేశాడు. "సోమవారం సంది నువ్వు రావద్దు," అన్నాడు.

ఆమె సూది మీటరు సంచిలో పెట్టుకుంది. సొంత స్క్రూడ్రైవర్లు ఏరుకుంది. వెళ్తూ వెళ్తూ మల్టీమీటరు మూత బిగించకుండా బల్ల మీద బోర్లా పెట్టి, "దీంట్ల కొత్త బ్యాటరీ ఏసేదాక ఎవలు ముట్టకుండ్రి," అంది. వద్దన్న దుకాణానికి కూడా జాగ్రత్త చెప్పి పోయింది. అది చూసి నాకు కోపమే వచ్చింది.

నంబర్ల రెండో కాపీ నా చొక్కా జేబులో ఉంది. అది చింపడం సార్ చేతిలో లేదు.

సోమవారం పొద్దున్నే ఎనుమాముల వెళ్లాను. ఆమె అక్కడికే పోతుందని నాకు తెలుసు, నేను వస్తానని మాత్రం చెప్పలేదు. గాలి నిండా మిర్చి ఘాటు. ఆమె అప్పటికే సేఠుల షెడ్డు ముందు నిలబడి ఉంది, ముక్కుకు కొంగు కట్టుకుని. చేతిలో సూది మీటరు. సప్లైకి బదులుగా, ఎక్కడి నుంచో తెచ్చిన ఆరు వోల్టుల బ్యాటరీ, దానికి వోల్టులు తగ్గించే ఒక తిప్పుడు బిళ్ల.

సేఠు గుమాస్తా దగ్గరికి రానివ్వడం లేదు. "సార్ వస్తేనే ముట్టనిస్త. ఆడోళ్లతోని కాదు."

మొండయ్య తన బస్తాల మీదే కూర్చుని ఉన్నాడు. గొడవ తేలేదాకా కదలనని నాలుగు రోజులుగా అక్కడే తిని అక్కడే పడుకుంటున్నాడు. ఆమె నేరుగా అతని దగ్గరికి పోయింది.

"కాకా, నీ కిలోన్నర మింగిన కాంటా రిపేరు జేసింది నేనే. తప్పు నాదే. ఇంక పది కాంటాలు గట్లనే ఉన్నయి ఈడ."

ముసలాయన లేచాడు. తిట్టాడు. ఆమెను, ఆమె పనిని, మా దుకాణాన్ని, కాంటాలు కనిపెట్టినవాణ్ని. ఎండలో కలుపు తీసిన కూలోళ్ల పేర్లు చెప్పి మరీ తిట్టాడు. ఆమె ఒక్క మాటకూ అడ్డం పోలేదు. అలసిపోయి, రొప్పుతూ అడిగాడు.

"గిది నీకెవలు జెప్పమన్నరు బిడ్డా?"

"ఎవలు జెప్పలే. వద్దన్నరు."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత గుమాస్తా వైపు తిరిగి, "ఏందిరా, ఆడోళ్లతోని కాదంటానవ్? ఈ మిర్చి ఏరింది మగోళ్లా? ముట్టనియ్యి. ఆమె సూడని కాంటా మీద ఈడ ఒక్క బస్తా ఎక్కది," అని అరిచాడు. ఆయన గొంతుకు పక్క షెడ్డులోని రైతులు కూడా లేచి వచ్చారు. గుమాస్తా పక్కకు తప్పుకున్నాడు.

నేను జేబులోంచి నంబర్లు తీసి ఒక్కొక్కటి చదివాను. ఆమె ఒక్కొక్క కాంటా విప్పింది. సూది చూస్తూ స్క్రూ తిప్పింది. మధ్యాహ్నానికి ఆరు పూర్తయ్యాయి. నా ఫోన్‌లో రమాకాంత్ సార్ పేరు పదిసార్లు వెలిగి ఆరింది.

మొండయ్య బస్తాలు సరిచేసిన కాంటా మీద మళ్లీ తూచారు. ప్రతి బస్తాకూ ఆ కిలోన్నర తిరిగి వచ్చింది. గుమాస్తా కొత్త చీటీ రాసిచ్చాడు. ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఆమె ముందు పెట్టాడు.

"నాకు సదువు రాదు. వీండ్ల రాత మీద నమ్మకం లేదు. ఈ తూకం నిజమైతే నువ్వు సంతకం పెట్టు."

"నా సంతకం చెల్లది కాకా. నా నౌకరి వోయింది."

"నౌకరి తోటి నాకేం పని? పెడ్తవా పెట్టవా?"

ఆమె నా పెన్ను అడిగి తీసుకుంది. చేతులకు అంటిన మిర్చి పొడి కొంగుతో తుడుచుకుని, చీటీని కాంటా మీదే పెట్టి, హెప్సిబా అని తెలుగులో, పూర్తిగా, పెద్ద అక్షరాలతో రాసింది. వెనకాల నిలబడ్డ రైతు కూడా తన చీటీ ముందుకు చాపాడు.

"ఆగన్నా," అంది, ఏడో కాంటా మూత విప్పుతూ. "నీది ఇంక సూడలే."